ఏఎల్ఎం మోడల్ తొలి రన్‌లో లెక్క తప్పితే

కొత్త క్రెడిట్ యూనియన్‌ను (సభ్యులే యజమానులైన, బ్యాంకు లాంటి సహకార సంస్థ) ఏఎల్ఎం మోడల్లోకి (వడ్డీ రేట్లు మారితే ఆస్తులు, అప్పులు ఎలా మారతాయో లెక్కించేది) ఎక్కించాక తొలి రన్ తేడా లేకుండా రావడం అరుదు. వచ్చిందంటే ఎవరూ సరిగ్గా చూడలేదని అనుమానించాలి. ముందు బ్యాలెన్సులు, తర్వాత రేట్లు, తేదీలు, ఆఖరున అంచనాలు: సరిదిద్దే వరస ఇదే. బ్యాలెన్సులు కలవకుండా అంచనాలు మారిస్తే ఒక తప్పు ఇంకో తప్పును కప్పేస్తుంది.

సమస్య: లోన్ ఫైల్ మొత్తం జనరల్ లెడ్జర్ (సంస్థ ప్రధాన ఖాతా పుస్తకం) కంటే ఎక్కువ.

కారణం: చాలాసార్లు పార్టిసిపేషన్ లోన్లే (కొంత వాటాను వేరే సంస్థలకు అమ్మినవి). 10 లక్షల డాలర్ల లోన్లో 90 శాతం అమ్మేస్తే లెడ్జర్లో లక్షే ఉంటుంది, కోర్ సిస్టమ్ (రోజువారీ ఖాతాలు నడిపే సాఫ్ట్‌వేర్) ఫైల్లో మాత్రం 10 లక్షలూ కనిపిస్తాయి. ఫైల్‌ను నెలాఖరున కాకుండా రెండో తేదీన తీసినా తేడా వస్తుంది.

పరిష్కారం: అమ్మిన వాటా కాలమ్‌ను కూడా అడిగి తీసుకుని, ఆ మొత్తాన్ని తీసేయండి. నెల ముగింపు ఫైలే వాడండి. అలవెన్స్ (మొండి బాకీల కోసం పక్కన పెట్టిన మొత్తం), వాయిదా వేసిన ఖర్చులు లెడ్జర్ ఖాతాలుగా విడిగా పెట్టండి.

సమస్య: బ్యాలెన్స్ కలిసింది, వడ్డీ ఆదాయం కలవలేదు.

కారణం: కొన్ని ఫైళ్లలో రేటు 6.25 అని, కొన్నింట్లో 0.0625 అని ఉంటుంది. ఇది వెంటనే దొరుకుతుంది. దొరకనిది ఇండైరెక్ట్ (డీలర్ ద్వారా ఇచ్చే) ఆటో లోన్లలో డీలర్‌కు ముందే ఇచ్చిన కమిషన్. కాంట్రాక్ట్ రేటు 6 శాతమైనా, ఆ కమిషన్‌ను నెలనెలా కొంచెం ఖర్చు రాయడంతో లెడ్జర్లో ఆదాయం తగ్గుతుంది.

పరిష్కారం: ఒక్క ప్రోడక్ట్‌కు చేత్తో లెక్క వేయండి. 40 మిలియన్ డాలర్లు, 6 శాతం, 31 రోజులు: సుమారు 2,03,836 డాలర్లు. లెడ్జర్లో 1,85,000 ఉంటే ఆ తేడాను కమిషన్ షెడ్యూల్‌తో పోల్చండి.

సమస్య: అడ్జస్టబుల్ రేట్ లోన్లన్నీ మొదటి నెలలోనే రీప్రైస్ అవుతున్నాయి (కొత్త రేటు పడుతోంది).

కారణం: తదుపరి రీసెట్ తేదీని కోర్ సిస్టమ్ ముందుకు జరపలేదు, పాత తేదీయే ఉంది.

పరిష్కారం: మొదటి రీసెట్ తేదీకి విరామాన్ని కలుపుతూ రాబోయే తేదీని కట్టండి. ఇండెక్స్ (రేటుకు ఆధారమైన మార్కెట్ రేటు), మార్జిన్ (దానిపై కలిపేది), క్యాప్‌లు (రేటు పెరుగుదలకు పరిమితులు) కూడా ఎక్కించండి. క్యాప్ లేకపోతే 300 బేసిస్ పాయింట్ల షాక్ (రేట్లు ఒక్కసారిగా 3 శాతం పాయింట్లు పెరిగితే ఏమవుతుందన్న పరీక్ష) ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.

సమస్య: +300 షాక్‌లో ఎన్ఈవీ (ఆస్తుల విలువలోంచి అప్పుల విలువ తీస్తే మిగిలేది) పెరిగింది.

అసలు పని ఇక్కడే. ఆస్తులు 300 మిలియన్లు, డ్యూరేషన్ (రేటు 1 శాతం పాయింట్ మారితే విలువ ఎంత శాతం మారుతుందో చెప్పే అంకె) 2.5 అనుకుందాం: షాక్‌కు నష్టం 22.5. సర్టిఫికెట్లు (గడువున్న డిపాజిట్లు) 70, డ్యూరేషన్ 1: లాభం 2.1. మెచ్యూరిటీ లేని షేర్లు (సభ్యులు దాచుకున్న గడువు లేని డిపాజిట్లు) 200. వీటి డ్యూరేషన్ 5 అని పెడితే 30 మిలియన్ల లాభం వచ్చి ఎన్ఈవీ 30 నుంచి 39.6కు చేరుతుంది. 1.5 అని పెడితే లాభం 9 మాత్రమే, ఎన్ఈవీ 18.6కు పడుతుంది. ఆస్తుల వైపు ఏమీ మారలేదు, ఒక్క అంచనాతో ఫలితం తలకిందులైంది.

కారణం: సాధారణంగా వెండర్ (మోడల్ అమ్మిన కంపెనీ) పెట్టిన డిఫాల్ట్ డికే రేటును (డిపాజిట్లు తరిగిపోయే వేగం) అలాగే వదిలేయడం.

పరిష్కారం: ఖాతాల వారీ నెలాఖరు బ్యాలెన్సులు తీసి, పాత ఖాతాల సొమ్ము ఎంత వేగంగా తరిగిందో కొలవండి. 2022 మార్చి నుంచి 2023 జూలై వరకు ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) రేటును 5.25 శాతం పాయింట్లు పెంచింది కాబట్టి ఆ కాలం తప్పక ఉండాలి. డ్యూరేషన్‌ను రెండు మూడు విలువలతో నడిపి, ఫలితాలు పక్కపక్కన బోర్డుకు చూపండి. 50 మిలియన్ డాలర్లు దాటిన ఆస్తులుంటే వడ్డీ రేటు రిస్క్‌పై లిఖిత పాలసీ ఉండాలన్నది ఎన్‌సీయూఏ (అమెరికాలో క్రెడిట్ యూనియన్ల నియంత్రణ సంస్థ) నియమం. ఎగ్జామినర్ ఈ అంచనాకు ఆధారం అడుగుతారు.

సమస్య: ఆదాయ సిమ్యులేషన్లో డిపాజిట్ ఖర్చు మరీ తక్కువగా వస్తోంది.

కారణం: బీటాను (మార్కెట్ రేటు మార్పులో ఎంత వంతు డిపాజిట్ రేటులోకి వస్తుందన్న నిష్పత్తి) ఖాతా రేటు మార్పుతోనే లెక్కించడం. ఫెడ్ 5.25 పాయింట్లు పెంచిన ఆ కాలంలో మనీ మార్కెట్ ఖాతా రేటు 0.25 నుంచి 2 శాతానికి పెరిగితే బీటా 33 శాతం. కానీ రెగ్యులర్ షేర్లలోని సొమ్ము సర్టిఫికెట్‌కు మారినప్పుడు ఖాతా రేటు కదలదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది.

పరిష్కారం: మొత్తం డివిడెండ్ (షేర్లపై ఇచ్చే వడ్డీ) ఖర్చును మొత్తం షేర్లతో భాగించి, ఆ నిష్పత్తి మార్పుతో బీటాను సరిచూడండి. తేడా కనిపిస్తే సర్టిఫికెట్లకు మారే సొమ్మును మోడల్లో విడి అంచనాగా పెట్టండి.