బాత్‌రూమ్ టైల్స్ మధ్య సందు ఎంత ఉండాలి, దానిని దేనితో నింపాలి

బాత్‌రూమ్‌ను కొత్తగా మార్పించుకునేవారిలో చాలామంది టైల్ రంగు ఎంచుకోవడానికి రోజులు వెచ్చిస్తారు గానీ, టైల్స్ మధ్య సందు సంగతిని మాత్రం పని మొదలైన రోజున మేస్త్రీకి వదిలేస్తారు. సందే కనిపించకుండా టైల్‌కు టైల్ ఆనించి పరచమని కోరేవారూ ఉన్నారు. ఆ కోరికను మానుకోవడమే మంచిది. వేడికీ తేమకూ టైల్ ఒక పాళ్లలో, దాని కింది గచ్చు మరొక పాళ్లలో సాగి కుంచించుకుంటాయి కనుక, ఆ కదలికకు చోటు లేనప్పుడు అంచులు పెచ్చులూడుతాయి, ఒక్కోసారి టైల్స్ వరుసగా పైకి లేస్తాయి.

సందు వెడల్పును నిర్ణయించవలసింది చేతికి వచ్చిన టైలే. వేర్వేరు పెట్టెల నుంచి పది టైల్స్ తీసి, పొడవు వెడల్పులను వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. అన్నిటికన్నా పెద్దదానికీ చిన్నదానికీ మధ్య ఎంత తేడా ఉంటే, దానికి కనీసం మూడు రెట్లు సందు వదలాలి. తేడా 1 మి.మీ. ఉంటే సందు 3 మి.మీ. అన్నమాట. కాల్చిన తరువాత అంచులను యంత్రంతో కోసి సమం చేసిన రెక్టిఫైడ్ టైల్స్‌కు సాధారణంగా 2 మి.మీ. చాలు. అలా సమం చేయని వాటికి 3 నుంచి 5 మి.మీ. కావాలి. ఏ టైల్‌కైనా 1.5 మి.మీ. కన్నా తగ్గించకూడదు, ఎందుకంటే అంత సన్నని సందులోకి గ్రౌట్, అంటే సందును నింపే ముద్ద, అడుగుదాకా దిగదు.

గ్రౌట్ ఎంపిక ఈ కొలత మీదే ఆధారపడుతుంది. సిమెంట్ గ్రౌట్‌లో ఇసుక లేని రకం సుమారు 3 మి.మీ. వరకే పనికివస్తుంది, అంతకన్నా వెడల్పైన సందులో అది ఆరేటప్పుడు కుంచించుకుని పగుళ్లిస్తుంది కనుక, అక్కడ ఇసుక కలిసిన రకం వాడాలి. అయితే ఆ ఇసుక పాలిష్ చేసిన పాలరాతినీ గాజు టైల్స్‌నూ గీరుతుంది కాబట్టి, అటువంటివి ఎంచుకున్నవారు సందును ముందే సన్నగా పెట్టుకోవాలి. ఉత్త తెల్ల సిమెంట్‌తో సందులు పూయడం ఖర్చు తగ్గించినా, అది త్వరగా పగిలి మరకలు పట్టేస్తుంది. తడి గదిలో దానిని నేను సమర్థించలేను.

నీళ్లు నిత్యం పడే స్నానపు నేలకు, సిమెంట్‌కు బదులు రెసిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌటే తగినదని నా అభిప్రాయం. అది నీటిని పీల్చదు, సబ్బు మరకలు దానిలోకి ఇంకవు, పైన సీలర్ (నీరు ఇంకకుండా పూసే ద్రవం) పూయవలసిన అవసరం లేదు. ధర ఎక్కువ, పైగా త్వరగా గట్టిపడుతుంది. అందుచేత కొద్దికొద్దిగా కలిపి, టైల్ మీది జిడ్డు పొరను వెంటవెంటనే తుడవగల పనివారికే అప్పగించాలి. గోడలకు సిమెంట్ గ్రౌట్ చాలు. అది పూర్తిగా ఆరాక సీలర్ పూయాలి, కొంతకాలానికి మళ్లీ పూస్తూ ఉండాలి. ఏ గ్రౌటైనా వాటర్‌ప్రూఫింగ్‌కు బదులు కాదు. నీటిని ఆపే ఆ పొరను టైల్స్ పరచక ముందే కింద వేసి ఉండాలి.

రంగు విషయంలో, నేల మీద తెలుపు త్వరగా మాస్తుంది, ముదురు రంగు మీద తెల్లటి ఉప్పు పొర బయటపడుతుంది; మధ్యస్థమైన బూడిద రంగు రెంటికన్నా మేలు. తడి గ్రౌట్ రంగు ఆరాక మారుతుంది కనుక, చెక్క మీద రెండు మిగులు టైల్స్ అతికించి నింపి, పూర్తిగా ఆరాకే నిర్ణయించుకోండి.

గ్రౌట్ నింపే ముందు, సందు సమంగా రావడానికి టైల్స్ మధ్య పెట్టిన స్పేసర్లు తీసేసి, సందులోకి ఉబికిన అంటుపదార్థాన్ని గీకి, టైల్ మందంలో కనీసం మూడింట రెండు వంతుల లోతు ఖాళీ ఉండేలా చూడాలి. సిమెంట్ గ్రౌట్‌లో నీళ్లు పొట్లం మీద చెప్పిన కొలతకు మించితే అది బలహీనపడి, రంగు మచ్చలుగా తేలుతుంది. గోడా గోడా, గోడా నేలా కలిసే మూలల్లో మాత్రం గ్రౌట్ వద్దు. ఆ రెండు తలాలూ వేర్వేరుగా కదులుతాయి కాబట్టి, అక్కడ అదే రంగు సిలికాన్ సీలెంట్ నింపించండి.