చెవి మిషను పెట్టుకునే పిల్లకు ప్రైవేటు బడిలో ఉచిత సీటు

మా పాపకు రెండు చెవులూ సరిగా వినపడవు. తెనాలిలో మా ఇంటికి దగ్గర్లోని ప్రైవేటు బడిలో 25 శాతం కోటా కింద, అంటే విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు కొందరు పిల్లలకు ఉచితంగా ఇవ్వాల్సిన సీటులో చదువుతోంది. ఈ కోటా గురించి చెబితే చాలామంది తల్లులు, "అది లేనివాళ్ళకి కదా వదినా, మా ఆయనకి జీతం వస్తుందిగా" అని ఆగిపోతున్నారు. ఆగొద్దు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో వైకల్యం ఉన్న పిల్లల్ని ఎస్సీ, ఎస్టీ పిల్లలున్న వర్గంలోనే చేర్చారు. చట్టం ఆదాయం చూడమన్నది బలహీన వర్గాల పిల్లలకు, ఈ వర్గానికి కాదు. మన ఆంధ్రాలో ఆ 25లో 5 శాతం అనాథలకు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకు, మన పిల్లలకు కలిపి ఇచ్చారు.

ముందు సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ పత్రం, సంపాదించండి. సీట్ల నోటిఫికేషన్ వచ్చాక దీనికోసం పరిగెత్తితే అందదు. సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు బుక్ చేయించి, ఇచ్చిన తేదీకి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. చిన్నపిల్లలు వినపడిందో లేదో సరిగా చెప్పలేరు కాబట్టి, నిద్రపుచ్చి వినికిడి ఎంతుందో చూసే బెరా పరీక్ష రిపోర్టు ఉంటే పట్టుకెళ్ళండి. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతమైనా ఉండాలి. పిల్లలకు తాత్కాలికం అని రాసిస్తుంటారు, గడువు తేదీ చూసుకోండి.

దరఖాస్తు ఒకటో తరగతికే. సీబీఎస్‌ఈ బడికైతే మార్చి 31కి, స్టేట్ సిలబస్‌కైతే మే 31కి 5 ఏళ్ళు నిండాలి. పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైటులో పెట్టాలి. నెట్ సెంటర్ కుర్రాడు కులం చూసి బీసీ అనో ఓసీ అనో కొట్టేస్తాడు. అలా కొడితే మీరు ఆదాయం లెక్కలోకి వెళ్ళిపోతారు. పక్కనే కూర్చుని వైకల్యం కేటగిరీ పెట్టించి, ప్రింటు తీసుకునే లేవండి. ఫోన్ నంబరు కూడా అతనిది కాదు, మీదే ఇవ్వండి. బడికి దగ్గరున్న పిల్లలకే ముందు అవకాశం, ముందు కిలోమీటరు లోపు వాళ్ళకు, తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాళ్ళకు. అందుకని ఆధార్‌లో పుట్టింటి చిరునామా ఉంటే ముందే మార్పించుకోవాలి.

లాటరీలో సీటు వచ్చాక బడి మెట్ల దగ్గర అసలు కథ మొదలవుతుంది. నాకు ఒక బడిలో "ఇక్కడ పాప ఇబ్బంది పడుతుందమ్మా, స్పెషల్ స్కూలైతే మంచిది" అన్నారు, ఎంత ప్రేమో! ఇంకోచోట పాపను కూర్చోబెట్టి అక్షరాలు రాయమన్నారు. చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేముందు పిల్లకు గానీ మనకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయలు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. గొడవ పడకండి. "పాపను చేర్చుకోబోమని కాగితం మీద రాసివ్వండి, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి చూపిస్తాను" అనండి చాలు. రాసివ్వాలంటే గొంతు మారుతుంది.

ఫీజు సంగతి కొంచెం చిక్కు. 2023లో ప్రభుత్వం ఈ సీట్లకు ఫీజు ఏడాదికి పట్టణాల్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 అని ఖరారు చేసింది. అప్పట్లో అమ్మఒడి కింద తల్లి ఖాతాలో పడ్డ డబ్బులోంచే అది కట్టమన్నారు. ఇప్పుడు ఆ పథకం తల్లికి వందనం అయింది. మీ పాప చేరే ఏడాది ఉత్తర్వు ఏం చెబుతోందో ఎంఈఓ ఆఫీసులో అడగండి. అది తెలియకుండా బడివాళ్ళు అడిగింది కట్టొద్దు. ఏది కట్టినా రసీదు తీసుకోండి. సీటు ఎనిమిదో తరగతి దాకా మనదే, ఏటా కొత్తగా అడగక్కర్లేదు.

ఈ సీటుతో వచ్చేది ఫీజు వరకే. మిషను, మాటల శిక్షణ అందులో లేవు. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఎక్కడుందో కనుక్కుని అక్కడ ఈ పిల్లలకు నేర్పే ఐఈఆర్‌పీ టీచరుతో పరిచయం పెంచుకోండి. వైకల్యం ఉన్నవాళ్ళకు పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో శిబిరం ఎప్పుడు పెడతారో, మిషను ఉచితంగా ఎవరికిస్తారో ఆమెకే ముందు తెలుస్తుంది. అవసరమైతే బడికొచ్చి టీచర్లతో మాట్లాడమని కూడా ఆమెనే అడగండి, మనం చెబితే వినని మాట ఆమె చెబితే వింటారు. మేం పెట్టించిన మాట ఒక్కటే: పాప ముందు బెంచీలో కూర్చోవాలి, టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పకూడదు. మిషను బ్యాటరీలు అదనంగా ఒక జత టీచరు బల్ల సొరుగులో పెట్టించండి, ఎలా మార్చాలో ఆమెకు ఒకసారి చేసి చూపించండి.