వేలంలో కొన్న ఇంట్లో ఇంకా మనుషులుంటే: తాళం మీద చెయ్యి వేసే ముందు

గత నెలలో పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి తన కాగితాలన్నీ సంచిలో వేసుకుని నా దగ్గరకు వచ్చారు. బ్యాంకు వేలంలో ఒక ఫ్లాటు కొన్నారు, సొమ్మంతా కట్టారు, సేల్ సర్టిఫికెట్ చేతికి వచ్చింది. అప్పు తీర్చలేకపోయిన పాత యజమానికి బంధువులమంటూ ఒక కుటుంబం మాత్రం ఆ ఫ్లాటులోనే ఉండిపోయింది. వాళ్లు పెళ్లికని ఊరు వెళ్లిన రోజు చూసి ఆయన తాళాలు చేసే మనిషిని పిలిపించి, తాళం కోయించి, లోపలి సామానంతా మెట్ల మీదికి చేర్పించి, తన తాళం వేసుకున్నారు. ఆయన ఫోనులోని ఫొటో నేను చూశాను. బియ్యం డబ్బా మీద పిల్లల బడిసంచి, దాని పక్కన తలుపు తెరిచి ఉన్న ఫ్రిజ్, అందులో ఆ ఇంటి పెద్దావిడ ఇన్సులిన్ సీసాలు కనిపించాయి. నాలుగో రోజున ఆయన మీద కేసు నమోదైంది. ఇంట్లోకి అక్రమంగా చొరబడ్డారన్నది ఒక ఆరోపణ, బీరువాలోని బంగారం తీశారన్నది మరొకటి. బంగారం తాను కంటితో కూడా చూడలేదని ఆయన అంటున్నారు, నేను నమ్ముతున్నాను. బీరువాను మెట్ల మీదికి దింపినప్పుడు పక్కన ఒక్క సాక్షి కూడా లేకపోవడంతో, ఆ మాటను నేను నమ్మినంత తేలికగా కోర్టు చేత నమ్మించడం కుదరదు.

ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో బ్యాంకుల వేలం ప్రకటనలు పత్రికల నిండా కనిపిస్తాయి కనుక, ఈసారి పాట పాడాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. పత్రాలు చూసుకోండి, ఈసీ (ఆస్తి మీదున్న తాకట్టులూ లావాదేవీలూ చూపే పత్రం) తీయించుకోండి వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా అనుభవంలో మనుషులను ముంచినది ఒకే ఒక్క తప్పు. కాగితం చేతికి వచ్చింది కదా అని తాళం మీద చెయ్యి వేయడమే ఆ తప్పు.

పాటకు ముందు

ప్రకటనలో స్వాధీనం గురించి రాసిన ఒక్క మాట ధర కన్నా ముఖ్యమైనది. సింబాలిక్ పొసెషన్ అని ఉంటే బ్యాంకు గోడకు నోటీసు అంటించి, రెండు పత్రికల్లో ప్రకటన వేయించిందే తప్ప ఇంటి తాళంచెవి దాని దగ్గర లేదని అర్థం. ఫిజికల్ పొసెషన్ అని ఉంటేనే ఇల్లు నిజంగా బ్యాంకు చేతిలో ఉన్నట్టు. ‘ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోట ఉన్నట్టుగా’ అమ్ముతున్నామన్న షరతు కింద సంతకం పెట్టిన తరువాత లోపల మనుషులున్న సంగతి తెలియదని వాదించడం చాలా కష్టం. పాట మీ పేరున ఖాయమైతే ముందు కట్టిన ధరావతుతో కలిపి నాలుగో వంతు సొమ్మును ఆ రోజే, లేదా మరుసటి పనిదినానికల్లా కట్టాలి. మిగిలినది అమ్మకం ఖాయమైన పదిహేనో రోజులోపు కట్టాలి. రాతపూర్వకంగా గడువు పెంచుకున్నా మూడు నెలలు దాటదు, కట్టలేకపోతే కట్టిన సొమ్ము జప్తు అవుతుంది. అందుకే ధరావతు కట్టకముందే వెళ్లి తలుపు తట్టి చూడండి.

లోపల ఉన్నది ఎవరు

అప్పు తీసుకున్న మనిషే లోపల ఉంటే దారి కొంత తిన్నగా ఉంటుంది. అద్దెదారు ఉంటే ఒప్పందం తేదీ చూడాలి. తాకట్టు కన్నా ముందు చట్టబద్ధంగా రిజిస్టరైన అద్దె ఒప్పందం ఉన్నవారిని గడువు తీరకముందే కదిలించడం కుదరదు. నోటిమాట మీదనో, రిజిస్టరు కాని కాగితం మీదనో ఉంటున్నవారు ఏడాదికి మించి రక్షణ కోరలేరని సుప్రీంకోర్టు 2019లో బజరంగ్ శ్యాంసుందర్ అగర్వాల్ కేసులో చెప్పింది. తాకట్టు ఆస్తిని కోర్టు దావా లేకుండానే అమ్ముకునే వీలు బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసి చట్టం కింద, బకాయి కట్టమని పంపే 13(2) నోటీసు అందిన తరువాత బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆస్తిని అద్దెకు ఇవ్వడాన్ని అదే చట్టం నిషేధిస్తోంది. ఇక ఏ హక్కూ లేకుండా వచ్చి కూర్చున్నవారి విషయంలోనే కొనుగోలుదారుకు ఓపిక నశిస్తుంది, ఘోరమైన తప్పులన్నీ జరిగేదీ ఇక్కడే.

హక్కు లేనివాడికి రక్షణ ఏమిటని ప్రతివారూ అడుగుతారు. మన చట్టం హక్కునూ స్వాధీనాన్నీ వేరువేరుగా చూస్తుంది. స్థిరపడిన స్వాధీనంలో ఉన్న మనిషిని, అతనికి అక్కడ ఉండే హక్కు లేకపోయినా సరే, చట్టం చూపిన దారిలో తప్ప ఖాళీ చేయించకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులోనూ, 2003లో రామేగౌడ కేసులోనూ స్పష్టం చేసింది. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్ ఇంకా కఠినమైనది. బలవంతంగా గెంటివేయబడిన మనిషి ఆరు నెలల లోపు దావా వేస్తే, ఆ దావాలో మీ సేల్ సర్టిఫికెట్‌ను చూపి యాజమాన్యం మీదేనని వాదించే వీలుండదు. నిన్నటిదాకా లోపల ఎవరున్నారు, చట్టప్రకారం కాకుండా వారిని బయటకు పంపింది ఎవరు అన్నవే అక్కడి ప్రశ్నలు. తీర్పు వారి పక్షాన వస్తే దాని మీద అప్పీలు లేదు. యాజమాన్యం మీదేనని వేరే దావా వేసుకోవచ్చు, అది తేలేలోపు వాళ్లు మళ్లీ ఆ ఇంట్లోనే ఉంటారు. ఒక్క రాత్రిలో తాళం మార్చి సంపాదించిన స్వాధీనం ఇలా పోతుంది, మీ మీద క్రిమినల్ కేసు మాత్రం మిగులుతుంది.

కనుక మళ్లీ చెబుతున్నాను, తాళం మీద చెయ్యి వేయకండి. ఇల్లు ఖాళీగా కనిపించినా, పక్కింటివారు ‘వాళ్లిక రారు’ అని చెప్పినా, బ్యాంకు సిబ్బందిలో ఎవరైనా నోటిమాటగా ‘మీదే కదా, తెరుచుకోండి’ అన్నా వేయకండి. లోపల ఒక్క చాప ఉన్నా అది ఎవరో ఒకరి సామానే అవుతుంది.

సరైన దారి ఇది. సర్ఫేసి చట్టం 14వ సెక్షన్ కింద దరఖాస్తు వేయవలసింది బ్యాంకు, మీరు కాదు. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ లేదా జిల్లా మేజిస్ట్రేట్ ఆ దరఖాస్తు విని, ఇంటిని స్వాధీనం చేసి ఇప్పిస్తారు. ఉత్తర్వు ముప్పై రోజుల్లో, కారణాలు నమోదు చేసి పొడిగిస్తే మొత్తం మీద అరవై రోజుల్లో రావాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకు మించి పట్టడం నేను చూశాను. అమ్మకం పూర్తయిపోయింది కనుక మాకు ఇక సంబంధం లేదని బ్యాంకు అధికారి తప్పించుకోజూస్తే ఒప్పుకోకండి. భౌతిక స్వాధీనం తీసుకోకుండా అమ్మిన ఆస్తి విషయంలో, అమ్మకం తరువాత కూడా బ్యాంకు 14వ సెక్షన్ కింద వెళ్లవచ్చని 2018లో ఐటీసీ, బ్లూ కోస్ట్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పును ఉదహరిస్తూ ఆథరైజ్డ్ ఆఫీసరుకు (బ్యాంకు తరఫున ఈ అమ్మకం జరిపే అధికారికి) స్పీడ్ పోస్టులో లేఖ రాసి, రసీదు దాచుకోండి. బ్యాంకు చర్యల మీద అప్పుదారు గానీ అద్దెదారు గానీ నలభై ఐదు రోజుల లోపు రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ స్టే ఉందో లేదో ప్రతి అడుగుకు ముందూ కనుక్కోవాలి.

ఇక ఇవి గట్టిగా గుర్తుంచుకోండి.

- కరెంటు తీయించకండి, నీళ్లు ఆపకండి. పెద్దలో పసిపిల్లలో ఉన్న ఇల్లయితే ఆ ఒక్క పనితో న్యాయమూర్తి సానుభూతి మొత్తం అటు వెళ్లిపోతుంది.
- మనుషులను వెంటబెట్టుకుని వెళ్లకండి. ఐదుగురు కలిస్తే చట్టం దృష్టిలో అది చట్టవిరుద్ధ సమూహం కావచ్చు, అందులో ఒకడు చెయ్యి చేసుకున్నా కేసు అందరి మీదా పడుతుంది.
- ‘ఖాళీ చేయించి ఇస్తాం’ అనే దళారీకి ఒక్క రూపాయి ఇవ్వకండి. వాడు చేసినదంతా మీరు చేయించినట్టే లెక్క.
- వాట్సాప్‌లో బెదిరించకండి. కోపంతో పంపిన సందేశమే రేపు ఎదుటివారి చేతిలో సాక్ష్యం.
- లోపలివారి నుంచి అద్దె పేరుతో ఏమీ తీసుకోకండి. తీసుకున్న రోజునుంచి వాళ్లు మీ అద్దెదారులమని వాదిస్తారు, మీ కేసు మళ్లీ మొదటికి వస్తుంది.
- ఇల్లు చేతికి రాకుండా ‘స్వాధీనం అందింది’ అన్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఎంత మర్యాదగా అడిగినా పెట్టకండి.
- లోపలివారు షెడ్యూల్డ్ కులాలు, తెగలకు చెందినవారైతే అక్రమంగా ఖాళీ చేయించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కిందికి కూడా రావచ్చు.
- సామాను జోలికి పోకండి. ఇల్లు తాకట్టులో ఉంది కానీ వాళ్ల బీరువా తాకట్టులో లేదు. నివాస గృహంలో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు.
- రాజీకి వెనకాడకండి. తరలింపు ఖర్చులకని కొంత సొమ్ము ఇస్తామంటే చాలామంది వెళ్లిపోతారు, ఏళ్ల తరబడి కోర్టు ఖర్చు కన్నా అది తక్కువే. ఒప్పందం కాగితం మీద ఉండాలి, బ్యాంకు అధికారి ఎదుట జరగాలి, ఖాళీ ఇల్లు చూసి తాళంచెవి అందుకున్నాకే సొమ్ము చేతులు మారాలి.
- తాళం పగలగొట్టవలసి వస్తే ఆ పని అడ్వొకేట్ కమిషనరో (ఇందుకోసం నియమించిన న్యాయవాది), మేజిస్ట్రేటు నియమించిన అధికారో, పోలీసుల సమక్షంలో చేయించాలి. తాళం తీయడానికి అనుమతి ఉత్తర్వులో స్పష్టంగా ఉందో లేదో ముందురోజే చదువుకోండి.
- ఆ రోజు మీరు గుమ్మం బయటే నిలబడండి. ప్రతి వస్తువూ పంచనామాలో ఎక్కాలి, వీడియో తీయించాలి, సాక్షులు సంతకం చేయాలి. మందులు కనిపిస్తే ముందు అవి వాళ్లకు చేర్పించండి.
- తాళంచెవులు, స్వాధీన పత్రం రెండూ చేతికి వచ్చేదాకా గుమ్మం దాటకండి.
- వచ్చిన సాయంత్రమే కొత్త తాళం వేయించి, ఆ రాత్రి నుంచే కాపలా మనిషిని పెట్టండి. వాళ్లు మళ్లీ చొరబడితే ఆలస్యం చేయకుండా ఆ రోజే ఫిర్యాదు ఇవ్వండి. ఇప్పుడు స్వాధీనంలో ఉన్నది మీరు కనుక 6వ సెక్షన్ మీకూ అదే ఆరు నెలల గడువు ఇస్తుంది.