బయోస్‌లో ప్రాసెసర్ వేగాన్ని మార్చడం ఎలా?

బయోస్ అంటే విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోని అమరికల ప్రోగ్రాం. ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారం. మదర్‌బోర్డు ఇచ్చే బేస్ క్లాక్ నేటి కంప్యూటర్లలో సాధారణంగా 100 మెగాహెర్ట్జ్ ఉంటుంది; దాన్ని మల్టిప్లయర్ ఎన్ని రెట్లు చేస్తే అంత వేగం వస్తుంది. ఇంటెల్ కోర్ ఐ5-9600కె మల్టిప్లయర్ 37 దగ్గర 3.7 గిగాహెర్ట్జ్‌తో, 46 దగ్గర 4.6 గిగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. మనం మార్చవలసింది ఈ మల్టిప్లయర్‌నే. బేస్ క్లాక్‌ను కదిపితే మెమరీ వేగం కూడా మారిపోతుంది కనుక దాని జోలికి పోకపోవడమే మేలు.

ఇంటెల్‌లో వేగం పెంచాలంటే పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసర్‌తో పాటు 'జెడ్' శ్రేణి చిప్‌సెట్ (బోర్డులోని నియంత్రణ చిప్) ఉన్న బోర్డు కూడా కావాలి. ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ భాగం ఇందుకు అనుమతించినా, ఏ320, ఏ520 చిప్‌సెట్ బోర్డులు అనుమతించవు. చాలా ల్యాప్‌టాప్‌లలో వేగం మార్చే మెనూయే కనిపించదు. వేగం పెంచడం వల్ల ప్రాసెసర్ చెడిపోతే వారంటీ వర్తించదన్న సంగతి కూడా ముందే తెలుసుకోవాలి.

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేదా ఎఫ్2 కీని వరుసగా నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ వేసే సమాచార తాళం) ఉంటే, బయోస్ మార్పుల తరువాత అది అడగవచ్చు కనుక దాని రికవరీ కీని ముందే రాసి పెట్టుకోండి. ఏదైనా మార్చే ముందు ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చాదస్తంగా అనిపించినా తరువాత అక్కరకొచ్చేది అదే.

అడ్వాన్స్‌డ్ మోడ్‌లోకి వెళ్లి, అసుస్ బోర్డయితే 'ఏఐ ట్వీకర్', ఎంఎస్ఐ అయితే 'ఓసీ' విభాగంలో సీపీయూ రేషియోను, అంటే మల్టిప్లయర్‌ను, వెతకండి. 9600కెలో ఆరు కోర్లూ (ప్రాసెసర్‌లోని పని విభాగాలు) కలిసి పనిచేసేటప్పుడు మల్టిప్లయర్ మామూలుగా 43 ఉంటుంది. అన్ని కోర్లకూ 44 ఇచ్చి, ఎఫ్10తో భద్రపరచి, విండోస్‌లో ప్రాసెసర్‌పై పూర్తి భారం మోపే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ను అరగంట పాటు నడుపుతూ, వేడిని చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రత గమనించండి. ఈ ప్రాసెసర్ హద్దు 100 డిగ్రీలు. నేనైతే 85 దాటనివ్వను. అంతా సవ్యంగా ఉంటేనే 45కు వెళ్లాలి. ఒకేసారి 48 పెట్టి చూద్దామనుకుంటే, తెర నీలంగా మారినప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు.

కంప్యూటర్ తడబడితే ఒక మెట్టు దిగడం తేలిక. అలా కాకుండా కోర్ వోల్టేజ్ పెంచదలిస్తే 0.01 లేదా 0.02 వోల్టులకు మించి ఒక్కసారిగా పెంచకూడదు. వేడి వోల్టేజ్ వర్గాన్ని (వోల్టేజ్‌ను దానితోనే గుణిస్తే వచ్చే విలువను) బట్టి పెరుగుతుంది: 1.20 నుంచి 1.32కు పోతే వోల్టేజ్ పెరిగింది పది శాతమే అయినా, వేగం మారకున్నా వేడి ఇంచుమించు 21 శాతం పెరుగుతుంది. పైగా డిసెంబరు ఉదయం పరీక్షలో నెగ్గిన అంకె మే నెల మధ్యాహ్నం, గది వేడి నలభైకి చేరువైనప్పుడు నిలవకపోవచ్చు. ఏసీ లేని గదిలో వేసవికి మల్టిప్లయర్‌ను ఒకటి రెండు మెట్లు తగ్గించుకోవడం తెలివైన పని.

తెర అసలే వెలగకపోతే కరెంటు ప్లగ్గు తీసి, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయట ఉంచి తిరిగి పెట్టండి. అప్పుడు తేదీ, సమయం, మెమరీని వేగంగా నడిపే ఎక్స్ఎంపీ అమరిక, బూట్ క్రమం (ఏ డిస్క్ నుంచి ముందు మొదలవ్వాలో) అన్నీ మొదటికి వస్తాయి. ఫోన్‌లోని ఫొటోలు చూసి వాటిని మళ్లీ సరిచేసుకోవాలి.