నిలువు బొమ్మకు కొలతలు

కొత్తగా మనిషి బొమ్మ గీసేవారు సాధారణంగా ముఖంతో మొదలుపెట్టి, కళ్లూ ముక్కూ తీరిగ్గా తీర్చిదిద్ది, కిందికి వచ్చేసరికి కాగితం చాలక కాళ్లను కుదించేస్తారు. దీనికి విరుగుడు తేలికే. నడినెత్తికి ఒక గీత, అరికాలికి ఒక గీత ముందుగా పెట్టుకొని, ఆ రెండింటికీ సరిగ్గా నడుమ మూడో గీత గీయాలి. నిటారుగా నిలబడిన పెద్దవాళ్లలో ఆ గీత ఇంచుమించు తొడలు కలిసే చోట పడుతుంది. దాన్ని బొడ్డు దగ్గరికి జరిపితే కాళ్లు అసహజంగా సాగిపోతాయి.

తరువాత తలను కొలబద్దగా తీసుకోవాలి. నడినెత్తి నుంచి గడ్డం కొన వరకు ఒక తల. మామూలు మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు ఉంటుంది గాని, లెక్కకు వీలుగా, ఆకారం హుందాగా కనిపించేందుకు చిత్రకారులు ఎనిమిది పెట్టుకుంటారు. ఎనిమిది భాగాలు చేస్తే మొదటి గీత గడ్డం వద్ద, రెండోది చనుమొనల వద్ద, మూడోది బొడ్డు వద్ద, నాలుగోది తొడలు కలిసే చోట, ఆరోది మోకాలిచిప్పకు కాస్త దిగువన పడతాయి. మిగిలినవాటిని కంఠస్థం చేయనక్కర్లేదు. చేతులు వేలాడేసినప్పుడు మోచేయి నడుము దగ్గరికీ, మణికట్టు తొడల మొదలుకూ, వేలికొసలు తొడ మధ్యకూ వస్తాయి. అందరూ చిన్నవిగా గీసేవి చేతులూ పాదాలే: అరచేతి అడుగును గడ్డానికి ఆనించి చూసుకోండి, మధ్యవేలి కొస దాదాపు నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటికి చేరుతుంది. పాదమైతే మోచేయి నుంచి మణికట్టు దాకా ఉన్నంత పొడవు. ఏడాది పిల్లవాడి ఎత్తు సుమారు నాలుగు తలలే కనుక, పెద్దవాళ్ల కొలతలను చిన్నవి చేసి గీస్తే పిల్లలు మరుగుజ్జుల్లా కనిపిస్తారు.

చెన్నైలో ఉన్నవారికి ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలోని కంచు విగ్రహాలు మంచి పాఠం. మన శిల్పశాస్త్రాల్లో కొలత తాళం, అంటే జుట్టు మొదలు నుంచి గడ్డం వరకు ఉండే ముఖం పొడవు. తాళానికి 12 అంగుళాలు, నవతాళ ప్రతిమకు 108. ఈ అంగుళం ఆ విగ్రహానికి సంబంధించినదే, స్కేలు మీది అంగుళం కాదు. ముఖం తలకంటే పొట్టి కనుక, తొమ్మిది తాళాల ప్రతిమ తలల లెక్కలో ఏడు, ఏడున్నర దరిదాపుల్లోకే వస్తుంది. త్రిభంగంలో, అంటే ఒంటిని మూడు చోట్ల వంచి, నిలబడిన విగ్రహాల్లో బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేచి, అదే వైపు భుజం కిందికి వాలడం గమనించి, ఆ రెండు వాలు గీతలనే ముందు వేయాలి.

అయితే ఈ పట్టిక నిటారు బొమ్మకే చెల్లుతుంది. మెరీనాలో 1959లో నెలకొల్పిన, శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి శ్రామిక విగ్రహంలో బండను కదిలిస్తున్న నలుగురూ వంగి, సాగి, ఒరిగి ఉంటారు. అక్కడ ఎనిమిది గీతలు పెట్టుకుంటే బొమ్మ చెడుతుంది. చేయి పూర్తిగా చాచి, మోచేయి మడవకుండా, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొనను తల పైభాగానికి చేర్చి, గడ్డం దగ్గర బొటనవేలు ఉంచి, ఆ కొలతతో తొడ ఎంత, వీపు ఎంత అని విడివిడిగా చూడాలి. మన వైపు చాచిన చేయి ఒక తలంత కూడా రాకపోవచ్చు. తెలిసిన కొలతను కాక, కంటికి దొరికిన కొలతనే గీయాలి, నా లెక్కలో అన్నింటికంటే కష్టమైనది ఇదే.

టీ నగర్ పానగల్ పార్కు బల్లల మీద కూర్చున్నవారిని గీసేటప్పుడు, నిటారుగా కూర్చుంటే కూర్చున్న చోటు నుంచి నెత్తి వరకు సుమారు నాలుగు తలలు ఉంటాయనీ, వీపు వంచిన కొద్దీ అది తగ్గుతుందనీ గుర్తుంచుకుంటే చాలు. కదిలిపోయే మనుషులు కనుక ముందు కంటి అంచనాతో రెండు మూడు నిమిషాల్లో గీసి, ఆ తరువాతే పెన్సిల్‌తో తలలు కొలిచి సరిచూసుకోవాలి. తేడా కనబడితే రబ్బరు ముట్టుకోకుండా, పాత గీత పక్కనే సరైన గీతను ముదురుగా వేయాలి. ఎక్కడ ఎంత తప్పుతున్నామో అప్పుడే తెలుస్తుంది.