అమెరికా కాలేజీ ఆటలకు అర్హత: శాట్ ఎక్కడ కావాలి, కోర్ కోర్సులు ఎలా లెక్కపెట్టాలి

అమెరికా కాలేజీ ఆటల పోటీలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని అర్హతకు ఇప్పుడు కాలేజీ ప్రవేశ పరీక్షలైన శాట్, ఏసీటీ స్కోర్లు అక్కర్లేదు. 1986లో శాట్‌లో 700, 11 కోర్ కోర్సుల్లో (హైస్కూల్ ముఖ్య సబ్జెక్టులు) 2.0 జీపీఏ (గ్రేడ్ల సగటు) అన్న షరతుతో ఈ స్కోరు నిబంధన మొదలైంది. తర్వాత జీపీఏ ఎక్కువుంటే స్కోరు తగ్గినా సరిపోయే పట్టిక వచ్చింది. 2023 జనవరిలో డివిజన్ 1, 2 (కాలేజీ జట్ల పై రెండు స్థాయిలు) రెండిటికీ స్కోరు షరతే ఎత్తేశారు. అలాంటి పాత పట్టిక ఎవరైనా పంపితే పక్కన పెట్టేయండి.

ఇప్పుడు పిల్లల్ని ఆపేది కోర్ కోర్సులే. డివిజన్ 1కి 16 కావాలి: ఇంగ్లిష్ 4, ఆల్జీబ్రా 1 లేదా అంతకన్నా పై స్థాయి లెక్కలు 3, సైన్స్ 2, ఈ మూడింటిలోనే ఇంకొకటి, సోషల్ 2, మిగతా 4 వీటిలోంచి గానీ విదేశీ భాష, తత్వశాస్త్రం లాంటివి గానీ. కోర్ జీపీఏ కనీసం 2.3 ఉండాలి. డివిజన్ 2లోనూ 16 కోర్సులే, పంపకం కాస్త వేరు, జీపీఏ 2.2. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, చదువు ప్రమాణాలు ఆ కాలేజీవే.

ఎక్కువమంది దెబ్బతినేది సమయం దగ్గర. డివిజన్ 1కి ఆ 16లో 10 కోర్సులు సీనియర్ ఇయర్ (పన్నెండో తరగతి) మొదలయ్యేలోపు పూర్తవ్వాలి. ఆ 10లో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ అయ్యుండాలి. అక్కడితో ఆ గ్రేడ్లు తాళం పడ్డట్టే, తర్వాత మళ్లీ చదివినా మారవు. అందుకే పదకొండో తరగతి తర్వాత వచ్చే వేసవి సెలవులు చివరి అవకాశం.

జీపీఏ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. ఏ గ్రేడుకు 4, బీకి 3, సీకి 2, డీకి 1 పాయింటు. ప్లస్, మైనస్‌లు చూడరు, బీ ప్లస్ అయినా 3 పాయింట్లే. ఏడాది కోర్సుకు 1 క్రెడిట్, సెమిస్టర్‌కు సగం. మొదటి పదింటిలో అన్నీ సీలే వస్తే 20 పాయింట్లు. 16 మీద 2.3 రావాలంటే కనీసం 37 కావాలి కాబట్టి, మిగిలిన ఆరింటిలో కనీసం 17 పాయింట్లు, అంటే ఐదు బీలు, ఒక సీ అంత, తప్పనిసరి. 2.0కీ 2.3కీ మధ్య ఆగితే అకడమిక్ రెడ్‌షర్ట్ అవుతారు: స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, మొదటి టర్మ్‌లో ప్రాక్టీసు చేయొచ్చు, ఆ ఏడాది పోటీల్లో మాత్రం దిగలేరు.

అమెరికాలోని మన ఇళ్లలో పిల్లలు ఎనిమిదో తరగతికే ఆల్జీబ్రా 1 పూర్తి చేస్తుంటారు. అది హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో (స్కూలు ఇచ్చే గ్రేడ్ల రికార్డు) గ్రేడుతో, క్రెడిట్‌తో ఉంటేనే లెక్కలోకి వస్తుంది. క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి తెచ్చుకున్న క్రెడిట్ అసలు చెల్లదు, అది లెక్కలైనా, తెలుగు భాష అయినా. వేసవి ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టేముందు ఆ స్కూలు పేరుతో ఎన్‌సీఏఏ ఆమోదించిన కోర్సుల జాబితా వెతికి చూడండి. కౌన్సెలర్ నోటిమాట చాలదు.

మరి శాట్ మానేయాలా? వద్దు. ఎన్‌సీఏఏ అడగకపోయినా అడ్మిషన్ ఇచ్చేది కాలేజీ. ఎంఐటీ, హార్వర్డ్, డార్ట్‌మత్, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ టెస్ట్ స్కోరు మళ్లీ తప్పనిసరి చేశాయి, కాలిఫోర్నియా యూనివర్సిటీ శాఖలు స్కోరు చూడనే చూడవు. కోచ్‌తో మాటలు మొదలైన రోజే "అడ్మిషన్‌కు స్కోరు కావాలా, మీ జట్టుకు ఎంత ఉంటే సురక్షితం?" అని అడగండి. పదకొండో తరగతి వసంతానికల్లా ఒకసారి రాసేస్తే, పనికొచ్చే స్కోరు చేతిలో ఉంటుంది.

హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లేవాళ్లు తొమ్మిదో తరగతి నుంచి మార్కుల పత్రాలన్నీ దాచాలి: పదో తరగతి మెమో, ఇంటర్ రెండేళ్ల మెమోలు. తొమ్మిదో తరగతివి స్కూల్లో ఇప్పుడే అడిగి తీసుకోండి, ఏళ్లు గడిచాక దొరకడం కష్టం. ఇంటర్ తర్వాత ఖాళీగా ఏడాది టోర్నమెంట్లు ఆడుతూ ఉండిపోతే ఆడగలిగే సీజన్లు తగ్గిపోవచ్చు, ముఖ్యంగా టెన్నిస్‌లో. ప్రైజ్ మనీ తీసుకునేముందు ఖర్చుల రసీదులు జాగ్రత్త చేయండి.

ఎన్‌సీఏఏలో అర్హత చూసే విభాగమైన ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఉచిత ప్రొఫైల్ తొమ్మిదో తరగతిలోనే తెరవొచ్చు. డివిజన్ 1 లేదా 2 ఖాయంగా అనుకున్నాక ఫీజు కట్టి సర్టిఫికేషన్ అకౌంట్‌కు మార్చుకోండి. పదకొండు ముగిశాక ఒకసారి, హైస్కూల్ పూర్తయ్యాక మరోసారి ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్లాలి. అమెరికాలో చదివినవాళ్లకు అది స్కూలే నేరుగా పంపాలి. మధ్యలో స్కూలు మారి ఉంటే పాత స్కూలు నుంచి కూడా పంపించాలి.