వీధిలో ప్యాడ్, కీబోర్డు వాయించేవాళ్ళకి: సౌండ్ తేడా చేస్తే ముందు ఏం చూడాలి

మన గోదావరి జిల్లాల్లో ఇప్పుడు ఊరేగింపు అంటే డప్పులు, తాషాల పక్కనే ప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్), కీబోర్డు, ఫోన్లో ట్రాకు (ముందే రికార్డు చేసిన పాట) కూడా ఉంటున్నాయి కదండీ. నేను చాలా ఏళ్ళుగా ట్రాలీ మీద నిలబడి ప్యాడ్ వాయిస్తున్నాను. సౌండ్ ఆగిపోగానే అందరం ముందు ప్యాడ్‌నే అనుమానిస్తాం, స్క్రూడ్రైవర్ తీసేస్తాం, కానీ నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు కరెంటులోనో, కేబుల్లోనో, ఆ చివర పిన్నులోనో ఉంటుంది. కాబట్టి వాయిద్యం జోలికి ఆఖర్న వెళ్ళండి. ఇంకోటి, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి, నాలుగు ఒకేసారి పీకి పెడితే ఏది మారిస్తే బాగయ్యిందో తెలీదు, రేపు మళ్ళీ అదే గొడవ.

"వాయిద్యం వినిపిస్తోంది, పాడే గొంతు మాయం"

నర్సాపురం వైపు ఒక నిమజ్జనంలో జరిగింది ఇది. కాలవ గట్టు మీద ట్రాలీ ఆగింది, ఫోన్లోంచి ట్రాకు పెట్టాం, ఫ్లూట్ వస్తోంది, కోరస్ వస్తోంది, పాడే ఆయన గొంతు మాత్రం లేదు, బేస్ కూడా లేదు. అరుగు మీద కూర్చున్న తాతగారు "పాటేదిరా అబ్బాయ్, నూతిలోంచి ఎవరో మూలుగుతున్నట్టుంది" అన్నారు. మావాడు పిన్నుని సగం బయటికి లాగి పట్టుకున్నాడు, వెంటనే గొంతు వచ్చేసింది. చెయ్యి తియ్యగానే మళ్ళీ పోయింది. అలా ఊరంతా పట్టుకునే నడిచాడు పాపం.

కారణం ఏంటంటే, పిన్ను మీద నల్ల గీతలు చూడండి, ఒక్క గీతుంటే మోనో, అంటే ఒకటే సౌండ్ లైను, రెండుంటే స్టీరియో, అంటే లెఫ్ట్, రైట్ విడివిడిగా. ఫోన్‌కి ఒక పక్క చిన్న స్టీరియో పిన్ను, ఇంకో పక్క పెద్ద స్టీరియో పిన్ను ఉన్న కేబుల్ తెచ్చి మిక్సర్లో, అంటే అన్ని సౌండ్లూ కలిపే పెట్టెలో, ఒక్క ఛానెల్‌కి గుచ్చేస్తాం. కానీ మిక్సర్లో ఆ రంధ్రం చాలావాటికి బ్యాలెన్స్‌డ్ లైన్, అంటే రెండు తీగల్లో వచ్చేదాని తేడా మాత్రమే తీసుకుంటుంది, రెండిట్లో ఒకేలా వచ్చేదాన్ని మోత అనుకుని కొట్టేస్తుంది. పాటల్లో గొంతు, బేస్, డ్రమ్ దెబ్బ లెఫ్ట్‌లోనూ రైట్‌లోనూ సమానంగా ఉంటాయి కాబట్టి అవే ఎగిరిపోతాయి. ఫోన్లో మోనో ఆడియో ఆన్ చేసి అదే కేబుల్ పెడితే ఇంకా ఘోరం, దాదాపు అంతా పోద్ది.

దీనికి వై కేబుల్ కొనండి, ఒక పక్క చిన్న స్టీరియో పిన్ను, రెండో పక్క రెండు పెద్ద మోనో పిన్నులు. రెండూ రెండు ఛానెళ్ళకి పెట్టండి. మిక్సర్లో ఒక్కటే ఖాళీ ఉంటే ఒక పిన్ను మాత్రం పెట్టి, అప్పుడు ఫోన్లో మోనో ఆన్ చెయ్యండి. ప్యాడ్‌కి అయితే ఇంకా తేలిక, ఒక్క కేబులే ఉంటే ఎల్-మోనో అని రాసున్న అవుట్‌పుట్‌లోనే పెట్టాలి.

"గుయ్‌మని మోత ఆగట్లేదు"

ముందు ఫోన్ ఛార్జర్ పీకండి. మోత పోతే అదే దోషం, ఫోన్ ఫుల్ ఛార్జ్ చేసుకుని వెళ్ళండి, అంతే. పోకపోతే మిక్సర్ ఒక ఇంటి ప్లగ్గులో, యాంప్లిఫైయర్ ఎదురింటి ప్లగ్గులో ఉన్నాయేమో చూడండి. రెండు ఎర్తుల మధ్య కేబుల్ ద్వారా కరెంటు తిరిగి 50 హెర్ట్జ్ మోత వస్తుంది. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి తెస్తే చాలావరకు తగ్గిపోద్ది, ఇంకా ఉంటే డీఐ బాక్సు (వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న డబ్బా) పెట్టి, దాని మీద సౌండ్ కేబుల్లో ఎర్తు కలపడాన్ని విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. దయచేసి ఎర్తు పిన్ను మాత్రం విరగ్గొట్టొద్దు. మోత పోతుంది, నిజమే, కానీ తడి కాళ్ళతో కాలవ గట్టున ఇనప మైకు స్టాండు పట్టుకునే మనిషికి ఆ ఎర్తే దిక్కు.

గుయ్‌ కాకుండా జుర్రుమని గరుగ్గా ఉంటే ఇన్వర్టర్ చూడండి. స్క్వేర్ వేవ్ రకం అయితే ఆ మోత చాలాసార్లు వాయిద్యాల్లోకి వచ్చేస్తుంది, ప్యూర్ సైన్ వేవ్ తీస్కోవాలి.

"బేస్ గట్టిగా పడినప్పుడల్లా ప్యాడ్ ఆఫ్ అయ్యి ఆన్ అవుతోంది"

ప్యాడ్ చెడిపోలేదండి. వోల్టేజ్ పడిపోతోంది. లెక్క చూడండి, యాంప్లిఫైయర్ దెబ్బ పడినప్పుడు 300 వాట్లు లాగితే 12 వోల్ట్ బ్యాటరీలోంచి 25 యాంపియర్లు రావాలి. మనం ట్రాక్టర్ బ్యాటరీ నుంచి ట్రాలీ దాకా ఇంట్లో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 5 మీటర్లు లాగుతాం, పోనూ రానూ 10 మీటర్లు, రాగివైరే అయినా 3 వోల్టులు ఆ వైర్లోనే పోతాయి. అటు 12.5 ఉంటే ఇటు 9.5 చేరింది, ఇన్వర్టర్ కూతేసి ఆగిపోద్ది, దాంతోపాటు ప్యాడూను. ఇన్వర్టర్‌ని బ్యాటరీ పక్కనే పెట్టి, 12 వోల్ట్ వైరు మూరెడుకి మించకుండా లావుది వేసి, దూరం అంతా 230 వోల్ట్ వైపు లాగండి. 230లో అదే 300 వాట్లకి ఒకటిన్నర యాంపియర్ కూడా అవ్వదు. ఆ వైరు మాత్రం అతుకుల్లేకుండా, జనం కాళ్ళకింద పడకుండా చూస్కోండి.

ఎంతసేపు వస్తుందో ముందే లెక్కేస్కోండి. 42 యాంపియర్ అవర్ బ్యాటరీ అంటే 500 వాట్ అవర్లు, మామూలు లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు పోద్ది, ఇన్వర్టర్ తినేది తీసేస్తే చేతికి 200 పైచిలుకు. సగటున 80 వాట్లు వాడితే రెండున్నర గంటలు. అంతకన్నా ఎక్కువసేపు ఊరేగింపు అంటే రెండో బ్యాటరీ ఉండాల్సిందే.

అడాప్టర్ పోయిందని పక్కవాళ్ళది అడిగి పెట్టేముందు ప్యాడ్ వెనక రంధ్రం పక్కన చిన్న బొమ్మ చూడండి, గుండ్రం మధ్యలో చుక్క, దాని నుంచి వచ్చే గీత చివర ప్లస్సో మైనస్సో ఉంటుంది. వోల్టులు సరిపోయినా ఈ గుర్తు తిరగబడితే ప్యాడ్ కాలిపోవచ్చు. చాలా కీబోర్డులకి నడుమ ప్లస్, కొన్ని ప్యాడ్లకి నడుమ మైనస్.

"ట్రాకు ఒకచోట, నా దెబ్బ ఒకచోట"

బ్లూటూత్. కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి చోట ప్రభలు (దేవుణ్ణి పెట్టి మోసే ఎత్తైన అలంకారాలు) వరిచేలల్లోంచి, కౌశిక ఏరు దాటుకుని భుజాల మీద వెళ్తాయి, ట్రాలీ పోదు, అందుకని మోసుకెళ్ళే బ్యాటరీ స్పీకర్లు వాడతాం, వాటికి బ్లూటూత్ పెట్టేస్తాం. మామూలు బ్లూటూత్‌లో సౌండ్ 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా రావచ్చు. నిమిషానికి 120 దెబ్బల స్పీడ్‌లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేదే 500. పాట వినడానికి పర్లేదు గానీ వాయించడానికి వైరే పెట్టాలి. వైరు పెట్టినా తేడాగా ఉంటే స్పీకర్ బాక్సు ఎంత దూరంలో ఉందో చూడండి, గాలిలో సౌండ్ మీటరుకి 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, బాక్సులు 20 మీటర్లు ముందుంటే డప్పులవాళ్ళు 60 మిల్లీసెకన్లు వెనకబడతారు, వాళ్ళ తప్పు కాదది. వాళ్ళ పక్కన చిన్న బాక్సు ఒకటి పెట్టండి, వెంటనే తాళం కుదురుద్ది.

"కొట్టని ప్యాడ్ మోగుతోంది"

మనవాళ్ళు ఏ ప్యాడ్‌నైనా ఆక్టోప్యాడ్ అనే అంటారు, ఆ పేరు 1985లో రోలాండ్ తెచ్చిన 8 ప్యాడ్ల మెషీన్ నుంచి వచ్చింది. దెబ్బ అదురుని పట్టే సెన్సర్లు ఇవి, బేస్ బాక్సు పక్కన స్టాండు వేస్తే ఆ అదురునే దెబ్బ అనుకుంటాయి. స్టాండు కాళ్ళ కింద మందం ఫోమ్ ముక్కలు వెయ్యండి, బేస్ బాక్సుకి దూరం జరగండి, ఇంకా మోగితే సెట్టింగుల్లో త్రెషోల్డ్, అంటే ఎంత అదురైతే దెబ్బగా లెక్కెయ్యాలనే హద్దు, కొంచెం కొంచెం పెంచండి. మరీ పెంచితే మెల్లగా వాయించే దెబ్బలు మింగేస్తుంది.

మైకు కూత పెడితే పాడేవాళ్ళు బాక్సుల ముందుకి వచ్చేశారని అర్థం. వెనక్కి రమ్మనండి, మైకు తలని చేత్తో కప్పొద్దనండి.

"ముందువాళ్ళకి చెవులు చిల్లులు, వెనక వినపడట్లేదు"

వాల్యూమ్ కాదు, ఎత్తు పెంచండి. బాక్సు జనం తలకాయల పైకి వెళ్తే తక్కువ వాల్యూమ్‌తోనే వెనకదాకా పోద్ది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా లౌడ్ స్పీకర్లు వద్దు, ఆస్పత్రి, బడి, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండొచ్చు. ఆస్పత్రి వచ్చేముందే ఆపేస్తే ఎవరూ ఏమీ అనరు, లోపల పడుకున్నవాళ్ళకి మన పాట కన్నా నిద్ర ముఖ్యం.

"కీలు కొన్ని పలకట్లేదు, పిన్ను కదిపితే కరకర"

ఇది మన డెల్టా రోగం. గాల్లో తేమ, అంతర్వేది, ఓడలరేవు వైపైతే ఉప్పు గాలి కూడా. మొబైల్ రిపేర్ షాపులో ఐపీఏ అని అడిగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇస్తారు, దూదికి అద్ది పిన్నులు తుడవండి. కొబ్బరినూనె రాసేవాళ్ళని చూశాను, వద్దు, దుమ్మంతా పట్టేస్తుంది. ఏసీ కార్లోంచి తీసిన కీబోర్డుని వెంటనే ఆన్ చెయ్యకండి, చల్లటి సీసా మీద పట్టినట్టే లోపల నీళ్ళు పడతాయి, అరగంట బయట ఉంచండి. వానలో తడిసిందా, ముందు కరెంటు తీసి, బ్యాటరీలు పీకి, బోర్లా వంచి నీరు కార్చి, ఫ్యాన్ కింద రెండు రోజులు వదిలెయ్యండి. మర్నాడు ప్రోగ్రాం ఉందని మధ్యలో ఆన్ చేసి చూడొద్దు, బోర్డులు ఎక్కువ పోయేది అప్పుడే. ఆ ఒక్క ప్రోగ్రాంకి ఎవరిదైనా అద్దెకి తెచ్చుకోండి.